ఇంజన్ చల్లారేదాకా

జూరాకాన్‌కు యాభై ఏళ్లు నిండాయి. అందులో సగానికి పైగా ఆమె ఒక ట్రాక్టర్ పక్కన కాపురం చేసింది. మొగుడు పొద్దున లేచి పెళ్లాం ముఖం కంటే ముందు దాని ముఖం చూసేవాడు. వానొస్తే పిల్లల పక్కబట్టలు లోపలికి తెచ్చారా లేదా అని అడగడు గానీ, దాని పొగగొట్టం మీద డబ్బా బోర్లించారా లేదా అని మాత్రం అడిగేవాడు.

ఆ ట్రాక్టర్ ఆమెకంటే రెండేళ్లు చిన్నది. నీలం రంగు, ముందు చక్రాలు చిన్నవి, వెనక చక్రాలు మనిషి భుజం ఎత్తు. తలాస్ లోయలో ఊరి సామూహిక వ్యవసాయ క్షేత్రం నడిచిన రోజుల్లో దాన్ని ఆమె భర్తే నడిపేవాడు. క్షేత్రాన్ని ఎత్తేసి ఆస్తులు పంచిన ఏడాది జనమంతా గొర్రెల్నీ ఆవుల్నీ తోలుకుపోతుంటే, అతను తన వాటాకు వచ్చిన పన్నెండు గొర్రెల్నీ ఒక చూడిగుర్రాన్నీ వదులుకుని, పైన భార్య వెండి గాజులు కూడా పెట్టి, ఈ పాత ట్రాక్టర్ ఇంటికి తెచ్చాడు. ఊరు ఊరంతా నవ్వింది. “గొర్రె అయితే ఈనుతుంది, ఇదేం ఈనుతుందిరా?” అన్నారు. జూరాకాన్ నవ్వలేదు. నెల రోజులు అతనితో మాట్లాడలేదు. చంకలో పిల్ల, డబ్బాలో అడుగంటిన పిండి, గుమ్మం ముందు ఈ ఇనప గున్న.

ఆ ఇనప గున్నే ఇరవై ఆరేళ్లు వాళ్లకు తిండి పెట్టింది. ఊళ్లో సగం చిక్కుడు చేలు అదే దున్నింది. ఇద్దరు కూతుళ్ల పెళ్లిళ్లు చేసింది. నవ్విన వాళ్లే వసంతం రాగానే గుమ్మం ముందు వరస కట్టి, “మా చేను ఎప్పుడు?” అని బతిమాలేవారు.

దాన్ని లేపడం ఒక మనిషి వల్ల అయ్యే పని కాదు. పెద్ద ఇంజన్ పక్కన పెట్రోలుతో నడిచే చిన్న ఇంజన్ ఒకటి ఉంటుంది. దాని చక్రానికి తాడు చుట్టి గట్టిగా లాగితే చిన్నది లేస్తుంది. చిన్నది పెద్దదాన్ని తిప్పుతుంది. పెద్దది అందుకోగానే చిన్నదాన్ని ఆపెయ్యాలి. శీతాకాలం పొద్దున్నే అతను తాడు లాగుతుంటే పక్కన పిడి పట్టుకుని నిలబడేది జూరాకానే. పిండి చేతులతో వచ్చి పట్టుకునేది. అతను కేకలు వేసేవాడు, ఆమె తిరిగి వేసేది. ఎన్నోసార్లు అతను విసుగెత్తి తాడు ఆమెకిచ్చి పిడి తను పట్టుకున్నాడు. కోతల కాలంలో అతను కళ్లం దగ్గర ఉండిపోతే చేను నుంచి ఇంటిదాకా ఆమే నడుపుకొచ్చేది. ఊరి పొలిమేర రాగానే దిగిపోయేది. కోడలు ట్రాక్టర్ మీద కూర్చుని వీధిలో వస్తే బాగుండదని.

పోయిన సెప్టెంబరులో, చిక్కుడు నూర్పిళ్ల మధ్యలో, అతను గుమ్మం మీద కూర్చుని బూట్లు తొడుక్కుంటూ ఒరిగిపోయాడు. ఒక కాలికి బూటు ఉంది. రెండోది చేతిలో ఉంది. ఆమెకు ఆ బూటు అతని చేతిలోంచి తియ్యడానికి చాలాసేపు పట్టింది.

ఆ తర్వాత చలికాలం వచ్చింది. జూరాకాన్ నల్ల గుడ్డ తలకు చుట్టుకుంది. సంవత్సరం తిరిగేదాకా అది తియ్యకూడదు, పండక్కి, పెళ్లికి, సంతకు వెళ్లకూడదు. ప్రతి గురువారం నూనె కాచి పిండి ముద్దలు వేయించింది, ఆ వాసన అతనికి చేరాలని. ఎవరూ చెప్పని పని ఇంకొకటి కూడా చేసింది. పది రోజులకొకసారి షెడ్డులోకి వెళ్లి, పిడికి ఒక గుడ్డముక్క కట్టి, గుడ్డ కొసను పంటితో బిగపట్టి, తాడు లాగి ఇంజన్ లేపి, అరగంట తిప్పి ఆపేసింది. ఊరికే వదిలేస్తే ఇంజన్ బిగుసుకుపోతుందని అతను చెబుతుండేవాడు. గోడవతలి వాళ్లు “చావు జరిగిన ఇంట్లో ఆ చప్పుడేంటి” అనుకున్నారు. ఆమె విన్నది. పదకొండో రోజున మళ్లీ లేపింది.

మార్చి మొదటి వారంలో బావగారు వచ్చాడు. ఎసెన్‌కుల్, ఆమె భర్తకు అన్న, ఇప్పుడు ఆ ఇంటికి పెద్ద. అరుగు మీద దుప్పటి సర్దుకుని కూర్చుని, టీ గిన్నె అందుకుని అన్నాడు.

“సోమవారం ఇనప లారీ వస్తోంది. కాటా కూడా వాళ్లే తెస్తారు. నేను మాటిచ్చేశాను.”

“దేనికి బావగారూ?” అంది జూరాకాన్, ముఖం పక్కకు తిప్పుకునే.

“దేనికేంటి! షెడ్డులో ఉన్నదానికి. ఇనుం రేటు పెరిగిందంట. ఇప్పుడిచ్చేస్తే తమ్ముడి సంవత్సరీకం విందుకు కోయడానికి ఓ గుర్రం వస్తుంది. గొర్రె కోసి చేతులు కడుక్కుంటే నలుగురూ నా ముఖాన ఉమ్మేస్తారు.”

“అది నడుస్తుంది బావగారూ.”

“నడిపేవాడు లేడుగా.”

“పాలిచ్చే ఆవుని తోలు లెక్కన అమ్ముతారా ఎవరైనా?”

“ఆవు వేరు, ఇది వేరు. అసలు దాని వయసెంతో తెలుసా నీకు?”

“తెలుసు. నాకంటే రెండేళ్లు చిన్నది. దాన్ని కాటా ఎక్కించేటప్పుడు పనిలోపని నన్ను కూడా ఎక్కించండి. నేనూ పాతబడ్డాను.”

ఎసెన్‌కుల్ చేతిలో గిన్నె అలాగే ఆగింది. ముప్పై ఏళ్లలో ఈ మరదలు తన ముందు మూడు మాటలు కలిపి మాట్లాడింది లేదు.

“నీకేం పట్టింది?”

“ఏం పట్టలేదు. దాన్ని ఇనుం కింద తూస్తే నేను చూడలేను. శనివారం యంత్రాల సంత ఉంది. నేను తీసుకెళ్లి నడిచే బండిగా అమ్ముతాను. దున్నుకునే వాళ్లకే ఇస్తాను.”

“నువ్వా? తల మీద నల్ల గుడ్డతో? మగాళ్ల సంతకా?” అని పెద్దగా నవ్వి, నవ్వు ఆపి, “సరే పో. శనివారం సాయంత్రానికి అమ్ముడుపోలేదనుకో, సోమవారం లారీ. అప్పుడు మళ్లీ నోరెత్తావంటే ఊరుకోను,” అన్నాడు.

“ఎత్తను.”

ఆమె వెళ్లదనే ధైర్యంతోనే అతను ఆ మాట అన్నాడు. లేచి వెళ్తూ గుమ్మం దగ్గర, “గుర్రానికి బేరం కూడా మాట్లాడేశాను,” అని గొణిగాడు.

శనివారం తెల్లవారకముందే ఆమె ట్రాక్టర్ లేపింది. వీధి మీదుగా కాకుండా వెనక చేల మీదుగా, కాలవ గట్టున బయల్దేరింది. గట్టు మీద మంచు గడ్డకట్టి గాజులా ఉంది. చెయ్యి స్టీరింగుకు అతుక్కుపోతుందేమో అన్నంత చలి. ఆమె చంకలో రొట్టె, ట్రాక్టర్ కాగితం, ఒంటి మీద అతని పాత గొర్రెతోలు కోటు. కోటు ఆమెకు మోకాళ్ల కిందకు వచ్చింది, చేతులు వేళ్లు దాటి వేలాడాయి. సీటు కింద మామూలుగా ఉండే డబ్బాలో అతను దాచిన బోల్టులు, పాత బెల్టు, గొంతు నొప్పి బిళ్లలు గలగలమన్నాయి. ఆ బిళ్లలు ఆమె తియ్యలేదు.

సంత గేటు దగ్గర రసీదు పుస్తకం పట్టుకున్న మనిషి ఆపాడు.

“బండి ఎవరిది?”

“మాది.”

“మాది అంటే ఎవరిదమ్మా? కాగితం మీదున్న పేరు చెప్పు, రాసుకుంటా.”

“ఇదిగో కాగితం.”

“నా కళ్లజోడు ఇంట్లో ఉండిపోయింది. నువ్వే చెప్పు.”

ఆ ఊళ్లలో కోడళ్లు భర్త పేరు పలకరు, మామ పేరు పలకరు, బావల పేర్లు పలకరు. ముప్పై ఏళ్లు ఆమె “ఆయన” అనీ, “పిల్లల నాన్న” అనీ అంది. ముల్లా అడిగినా పక్కవాళ్ల చేత చెప్పించింది. పక్కన ఎవరూ లేరు. వెనక లారీ హారన్ కొడుతోంది.

“సాతిబాల్దీ,” అంది. ఒక్కసారి పైకి అన్నాక మళ్లీ అనాలనిపించింది. “సాతిబాల్దీ. రాసుకో.”

సంత అంటే పెద్ద మట్టి మైదానం. ట్రాక్టర్లు, ట్రాలీలు, నాగళ్లు, గడ్డి కోసే యంత్రాలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఆమె ఒక ఖాళీలో ఆపి, దిగి, చుట్టూ చూసింది. ఆడవాళ్లు ఇద్దరే ఉన్నారు, తను, మూలన మట్టి పొయ్యి మీద మాంసం సమోసాలు కాలుస్తున్న మనిషి. చుట్టూ ఉన్న ట్రాక్టర్లు అన్నీ చల్లగా, నోరు మూసుకుని ఉన్నాయి. కొనేవాళ్లు ఒక్కొక్క దాని దగ్గరకు వెళ్లి, చేతి తొడుగు తీసి, ఇంజన్ మీద అరచెయ్యి పెట్టి చూస్తున్నారు. తర్వాతే మాట మొదలు.

అప్పుడు ఆమెకు అర్థమైంది. ఇక్కడ ఎవరూ బండి నడుపుకుని రారు. ముందురోజు సాయంత్రమే లారీ మీద తెచ్చి, రాత్రంతా మంచులో వదిలేస్తారు. పొద్దున అది రాయిలా చల్లబడి ఉండగా, కొనేవాడి కళ్ల ముందు లేపుతారు. వేడి ఇంజన్‌ను ఎవడైనా లేపుతాడు. చల్లని దాన్ని లేపితేనే అది నడిచే బండి. సంతలోకి ఎప్పుడూ అడుగు పెట్టని ఆమెకు ఇది ఎవరు చెబుతారు? చెప్పాల్సిన మనిషి లేడు.

బక్కపలచటి ముసలాయన ఒకడు వచ్చాడు. గడ్డం పలచన, కుడి కన్ను మీద తెల్లటి పొర. పైఊరి నుంచి వచ్చానని, పేరు కాసిమాలి అని చెప్పాడు. ట్రాక్టర్ చుట్టూ రెండుసార్లు తిరిగాడు. వంగి కింద చూశాడు, నూనె కారిందేమోనని. లేచి తొడుగు తీసి ఇంజన్ మీద చెయ్యి పెట్టాడు. వెంటనే తీసేశాడు.

“వేడిగా ఉందమ్మా.”

“ఇంటి దగ్గర్నుంచి నడుపుకొచ్చాను తాతా.”

“నిజమే కావచ్చు,” అన్నాడు ఆయన మర్యాదగానే. “అయినా నేను రెండు చేల పంట డబ్బు తెచ్చుకున్నా. వేడి దాన్ని చూసి ఎలా కొంటాను?”

ఈ మాట కోసమే కాచుకున్నట్టు దళారి మూకాష్ వచ్చాడు. నల్ల తోలు టోపీ, పొట్ట మీద నడుం సంచీ, ఆ సంతలో అతని చెయ్యి పడకుండా బేరం తెగదు.

“ఏం అక్కా, పెనం మీంచి దించిన రొట్టె తెచ్చావా? ఎక్కడ కాచావు దీన్ని, పొయ్యి మీదా?” చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. “ఇంట్లో నలుగురు మగాళ్లు తోసి, వేన్నీళ్లు పోసి లేపి ఉంటారు. చల్లారితే మళ్లీ లేవదు. నాకు తెలుసులే. విధవరాలివి, నిన్నేం అంటాం. ఇనుం రేటు మీద పది వేలు ఎక్కువిస్తాను, తీసుకుని ఇంటికెళ్లి టీ తాగు.”

జూరాకాన్ వేళ్లు కోటు చేతుల్లోకి లాక్కుంది.

“ఎంతసేపు ఉంటుంది ఈ సంత?”

“మూడింటిదాకా. ఏం?”

“అయితే చల్లారేదాకా కూర్చుంటా. చల్లారాక మీ అందరి ముందు లేపుతా. అప్పుడు నవ్వండి.”

“మూడింటికి చల్లారుతుందా ఇది? మూడు టన్నుల ఇనుము!”

“ముప్పై ఏళ్లు వంట చేశాను తమ్ముడూ. ఏది ఎంతసేపటికి చల్లారుతుందో నీకంటే నాకే బాగా తెలుసు.”

మళ్లీ నవ్వులు. ఈసారి కొన్ని మూకాష్ మీద పడ్డాయి.

ఆమె ఇంజన్ మీది రేకులు రెండు పక్కలా విప్పి నేలమీద పెట్టింది, గాలి నేరుగా తగిలేలా. సమోసాల మనిషి దగ్గరకు వెళ్లి బకెట్ అడిగింది. ఆమె పేరు బూరుల్. ఏం అడక్కుండా కడిగి ఇచ్చింది. జూరాకాన్ రేడియేటర్ కింది కుళాయి తిప్పింది. నీళ్లు పొగలు కక్కుతూ బకెట్‌లోకి, తర్వాత ఇంజన్ పక్కనున్న రెండో కుళాయి నుంచి మిగతావి. బకెట్‌ను దూరంగా తీసుకెళ్లి మంచులో పెట్టింది. వచ్చి వెనక చక్రం దగ్గర, గాలి తగిలే వైపునే, ఒక రేకు మీద కూర్చుంది.

గాలి తలాస్ మీద ఊరికే రాదు. వచ్చిందంటే చెవుల్లోంచి దూరి ఎముకల్లో కూర్చుంటుంది. ఒక గంట గడిచింది. అప్పుడప్పుడూ ఎవరో ఒకరు వచ్చి, ఆమెతో మాట్లాడకుండా, ఇంజన్ మీద చెయ్యి పెట్టి పోతున్నారు.

“వేడే.”

“కాదురా, గోరువెచ్చన.”

“నీ చేతులే చల్లగా ఉన్నాయి, అందుకే అలా అనిపిస్తోంది.”

ఇద్దరు పందెం కూడా వేసుకున్నారు. జూరాకాన్ కదల్లేదు. బూరుల్ టీ గిన్నె తెచ్చి చేతిలో పెట్టింది. “ట్రాక్టర్ కంటే ముందు నువ్వే చల్లబడిపోయేలా ఉన్నావు చెల్లీ. నా పొయ్యి దగ్గరకు రా.”

“వద్దక్కా. నేను లేచి వెళ్తే వేన్నీళ్లు పోశానంటారు.”

“అంటారు. దొంగ ముఖాలు,” అంది బూరుల్ మూకాష్‌కు వినబడేలా. “పోనీ మీ ఆయన ఎక్కడ?”

“సెప్టెంబరులో పోయారు.”

బూరుల్ రెండు చేతులు ముఖం ముందుకు ఎత్తి మనసులో దువా చేసి, ముఖం మీదుగా దించింది. ఆ తర్వాత వేడి సమోసా ఒకటి తెచ్చి రేకు మీద పెట్టి వెళ్లింది.

తినాలంటే నోరు తెరవాలి, నోరు తెరిస్తే ఏడుపొస్తుందేమోనని జూరాకాన్ చాలాసేపు అది ముట్టుకోలేదు. చచ్చినవాడి కోసం ఈ ఆరు నెలలూ ఆమెను ఏడవనిచ్చారు. ఇల్లు నిండా మనుషులు, ఆడవాళ్లంతా గోడ వైపు తిరిగి కూర్చుని రాగాలు తీశారు, ఆమె కూడా తీసింది. ఇక్కడ మాత్రం ఏడవకూడదు. ఇక్కడ ఏడిస్తే బండి నడవదని ఏడుస్తోంది అనుకుంటారు. ఆ కోపంతోనే సమోసా తినేసింది.

మధ్యాహ్నం దాటింది. మూకాష్ మళ్లీ వచ్చాడు. “పదిహేను వేలు ఎక్కువ అక్కా. చలిలో చచ్చిపోతావు.”

“నువ్వు పక్కకు జరుగు, గాలికి అడ్డమొస్తున్నావు.”

రెండున్నరకు కాసిమాలి వచ్చాడు. పొద్దుటి నుంచీ వేరే మూడు ట్రాక్టర్లు చూశాడు, ఏదీ కొనలేదు. తొడుగు తీసి ఇంజన్ మీద అరచెయ్యి పెట్టాడు, తర్వాత వెనక్కి తిప్పి చేతి పై వైపు పెట్టాడు, అరచేతికంటే అదే బాగా చెబుతుందని. చాలాసేపు అలాగే ఉంచాడు.

“రాయిలా ఉంది,” అన్నాడు.

జనం పోగయ్యారు. జూరాకాన్ చక్రం పట్టుకుని లేచింది. బకెట్‌లో నీళ్ల మీద పలచని మంచుపొర కట్టింది. దాన్ని పిడికిలితో పగలగొట్టి, కుళాయిలు బిగించి, నీళ్లు రేడియేటర్‌లో పోసింది. ఎవరో “అబ్బ!” అన్నారు.

ఇంటి దగ్గరైతే గుడ్డ కొస పంటితో లాగేది, ఇప్పుడు చలికి దవడలు బిగుసుకుపోయాయి. “ఒకరు ఈ పిడి పట్టుకోవాలి,” అంది. “నేను చెప్పినప్పుడు వెనక్కి లాగాలి. అంతే.”

ఎవరూ కదల్లేదు. లేస్తే లేచింది, లేవకపోతే ఆడదానితో కలిసి అందరి ముందూ నవ్వులపాలవుతామని. మూకాష్ చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. కొనేవాడు చెయ్యి వేయకూడదు కాబట్టి కాసిమాలి ఆగాడు.

బూరుల్ పిండి చేతులు నడుముకు తుడుచుకుంటూ వచ్చింది. “నాకు చూపించు. ఏది, ఇదా?”

“అదే అక్కా. నేను అన్నప్పుడే.”

జూరాకాన్ చిన్న ఇంజన్ చక్రానికి తాడు చుట్టింది. మూడు చుట్లు. కాలు చక్రానికి తన్నిపెట్టి లాగింది. చక్రం తిరిగి ఊరుకుంది. రెండోసారి తాడు జారి, ఆమె వేళ్ల గణుపులు ఇనుముకు కొట్టుకుని చర్మం లేచిపోయింది. “చెప్పానా,” అన్నాడు మూకాష్. ఎవరూ నవ్వలేదు. ఆమె వేళ్లు నోట్లో పెట్టుకుని చీకి, ఉమ్మి, మూడోసారి చుట్టింది. మూడోసారి ఒక్క దగ్గు దగ్గి ఆగింది.

“వింటున్నావా,” అంది ఆమె మెల్లగా, ఎవరితోనో. “ఇంకొక్కసారి.”

నాలుగోసారి చిన్న ఇంజన్ అరుస్తూ లేచింది. కందిరీగల పుట్ట కదిలించినట్టు ఒకటే రొద. “ఇప్పుడు లాగక్కా!” అని కేక వేసింది. బూరుల్ రెండు చేతులతో, నడుం వంచి, పిడి లాగింది. పెద్ద ఇంజన్ బరువుగా కదిలింది, గొణిగింది, ఒక తెల్లటి పొగ వదిలింది, తర్వాత నల్లటి పొగ, తర్వాత ఒక్కసారిగా అందుకుంది. నేల అదిరింది. బూరుల్ “అల్లా!” అని పిడి వదిలేసి, పొగకు దగ్గుతూ నవ్వింది.

జూరాకాన్ చిన్న ఇంజన్ ఆపింది. పెద్దది తన పాటికి తాను తాపీగా, దమ్ము తీస్తున్నట్టు నడుస్తోంది.

కాసిమాలి ఆ చప్పుడు కాసేపు విన్నాడు. తర్వాత బేరానికి చెయ్యి చాచబోయి ఆగిపోయాడు. ఆ సంతలో అమ్మేవాడు, కొనేవాడు చేతులు కలుపుతారు. ధర కుదిరేదాకా దళారి ఆ రెండు చేతుల్నీ పట్టి ఊపుతూనే ఉంటాడు. కానీ సంవత్సరం తిరగని విధవరాలి చెయ్యి ఎలా పట్టుకోవడం? ఆయన చెయ్యి గాల్లో ఉండిపోయింది.

జూరాకాన్ భర్త కోటు చేతిని వేళ్ల చివరిదాకా కిందికి లాగింది. ఆ గొర్రెతోలు చేతిని, లోపల తన చెయ్యితో సహా, ఆయనకు ఇచ్చింది.

“పట్టుకోండి తాతా. ఇది ఆయన చెయ్యే అనుకోండి.”

ముసలాయన గట్టిగా పట్టుకున్నాడు. మూకాష్‌కు దళారి పని గుర్తొచ్చింది. రెండు చేతుల మీదా తన చెయ్యి వేసి ఊపడం మొదలెట్టాడు. గొంతు పూర్తిగా మారిపోయింది. “అబ్బో, ఏం బండి! చూశారా, చల్లటి రాయిని లేపింది! చెప్పు తాతా, చెప్పు!”

“లక్షా డెబ్బై.”

“రెండు లక్షల పది,” అంది జూరాకాన్.

“అమ్మా, యాభై ఏళ్ల బండి.”

“నలభై ఎనిమిది. లేచింది చూశారుగా.”

“లక్షా తొంభై. వదులు చెయ్యి.”

“మాట వచ్చాక వదులుతా.”

మూకాష్ ఊపుతూనే ఉన్నాడు. ఆమె ముఖం పక్కకు తిప్పలేదు, నేల చూడలేదు. కాసిమాలి కళ్లలోకే చూస్తోంది. ఆయనకు ఒక్క కన్నే కనిపిస్తుంది కాబట్టి ఆ ఒక్కదాంట్లోకే. “రెండు,” అన్నాడాయన. “రెండు లక్షల పది,” అంది ఆమె. “అయ్యో అక్కా, కొంచెం దిగు!” అన్నాడు మూకాష్, చెయ్యి నొప్పెడుతుంటే. “పొద్దున్నుంచి చలిలో దిగే ఉన్నాను. ఇంక దిగను.”

కాసిమాలి నవ్వాడు. పళ్లు రెండే ఉన్నాయి. “ఇవ్వండి నాకు. దీన్ని లేపిన మనిషి పంతం కూడా దీంతోపాటే వస్తుందనుకుంటా. రెండు లక్షల పది. శుభం.”

“శుభం,” అంది ఆమె. అప్పుడు వదిలింది.

డబ్బు లెక్కయ్యాక, కాగితం చేతులు మారాక, ఆమె రేకులు మళ్లీ బిగించి, చిన్న ఇంజన్ చక్రం దగ్గర పడున్న తాడు తీసి చుట్ట చుట్టి జేబులో పెట్టుకుంది.

“తాడు?” అన్నాడు కాసిమాలి.

“తాడు రాదు తాతా. గుర్రాన్ని అమ్మితే మీరు పలుపు ఇస్తారా?”

“ఇవ్వం. పలుపుతోపాటు ఇంటి భాగ్యం పోతుంది.”

“మరి?”

చుట్టూ ఉన్నవాళ్లు ఒకళ్ల ముఖాలు ఒకళ్లు చూసుకున్నారు. ట్రాక్టర్‌కు పలుపేంటి అని ఎవరూ అనలేదు. కాసిమాలి తలూపి, తాళ్లు అమ్మేవాడి దగ్గరకు వెళ్లి రెండు బారల కొత్త తాడు కొనుక్కొచ్చాడు.

“ఇంకో చిక్కు,” అన్నాడు వచ్చి. “ఈ కన్నుతో పెద్ద రోడ్డు మీద నడపనివ్వరు నన్ను. మా కోడలు నడుపుతుంది, కానీ రేపు గానీ రాదు.”

“కోడలా?”

“అవును. ఏం?”

“ఏం లేదు. ఎక్కండి, నేను మీ ఇంటిదాకా తెస్తాను. మీ కోడలికి ఆ చిన్న ఇంజన్ ఎలా లేపాలో చూపించి పొద్దున బండెక్కుతా.”

కాసిమాలి చక్రం మీది రేకుమీద సర్దుకుని కూర్చున్నాడు. బూరుల్ పది సమోసాలు కాగితంలో చుట్టి ఒళ్లో పడేసింది, డబ్బు తీసుకోలేదు. సంత గేటు దాటాక ముసలాయన అడిగాడు, “మా పైఊరికి మీ ఊరి మీదుగానే పోవాలిగా. కాలవ గట్టున పోదామా, దగ్గర?”

“వద్దు. రోడ్డు మీద వెళ్దాం.”

ఆమె ఊరికి వచ్చేసరికి పొద్దు వాలింది. కొట్టు ముందు బల్ల మీద కూర్చున్న మగవాళ్లు తలలు ఎత్తారు, ఒకడు లేచాడు, అందరూ లేచారు. ఒకామె బావి దగ్గర బిందె వదిలేసింది. నల్ల గుడ్డ, మోకాళ్ల కిందికి వేలాడే కోటు, రక్తం ఎండిన వేళ్లు, ఆ వేళ్లు స్టీరింగు మీద. జూరాకాన్ వీధి మధ్యలో నడిపింది. ఊరి పొలిమేరలో దిగిపోలేదు.

ఎసెన్‌కుల్ తన గుమ్మంలోంచి బయటికొచ్చి రోడ్డు మధ్యకు నడిచి చెయ్యి ఎత్తాడు. ఆమె ఆపింది, ఇంజన్ మాత్రం ఆపలేదు. కూర్చున్నచోటే, కోడళ్లు పెద్దలకు వంగినట్టు, ఛాతీ మీద చెయ్యి పెట్టి వంగింది. ఎసెన్‌కుల్ చెయ్యి ఊపుతూ ఏదో అరిచాడు. నోరు కదులుతోంది, మెడ నరాలు లేచాయి. షెడ్డు వైపు చూపించాడు, ఆకాశం వైపు చూపించాడు, ముసలాయన వైపు చూపించాడు. పొగగొట్టం కప్పు టపటపమంటోంది. కాసేపటికి ఆయన అరవడం ఆపి, కదులుతున్న ఆ ఇంజన్ వైపు, అది అలా నడుస్తుందని తనెప్పుడూ అనుకోనట్టు, చూస్తూ ఉండిపోయాడు. తర్వాత అడుగు వెనక్కి వేసి, దారిలోంచి తప్పుకున్నాడు.

జూరాకాన్ క్లచ్ తొక్కి గేరు వేసింది.

కొంత దూరం పోయాక కాసిమాలి ఆమె చెవి దగ్గరకు వంగి గట్టిగా అడిగాడు.

“ఎవరమ్మా ఆయన?”

“మా బావగారు.”

“ఏమంటున్నారు?”

“ఏమో తాతా,” అంది జూరాకాన్ రోడ్డు మీంచి కళ్లు తిప్పకుండా. “ఇంజన్ చప్పుడులో నాకేం వినబడలేదు.”